సీఎంసీ పళ్లెంలో వలయం, పొలంలో వరిగడ్డి

వరి కొయ్యకాళ్ళను వారం రోజుల్లో ఎరువుగా మార్చేస్తుందని చెప్పే సూక్ష్మజీవుల ద్రావణం ఒకదాని కరపత్రం ఈ మధ్య నా చేతికి వచ్చింది. మా కళాశాలలో చదువుకుని ఇప్పుడు ఊళ్ళో సేద్యం చూసుకుంటున్న పూర్వ విద్యార్థి ఒకరు దాన్ని పంపించి, "ఇది నమ్మొచ్చా మేష్టారూ?" అని అడిగారు. కరపత్రం మీద ఒక పక్క పచ్చని మడి, ఇంకో పక్క ఒక పెట్రి పళ్లెం ఫొటో ఉన్నాయి. పళ్లెమంతా ముదురు ఎరుపు. సూక్ష్మజీవి పెరిగిన చోట మాత్రం దాని చుట్టూ లేత పసుపు వలయం. ఫొటో కింద "ప్రయోగశాలలో నిరూపితం" అని అచ్చువేశారు.

ఆ ఫొటోలో మోసమేమీ లేదు. సూక్ష్మజీవశాస్త్రం చదివినవాళ్ళలో ఆ వలయాన్ని చూడనివాళ్ళు ఉండరు. ఏటా నేను విద్యార్థుల చేత ఆ ప్రయోగం చేయిస్తూనే ఉంటాను. నా ఫిర్యాదు కరపత్రం వేసినవాళ్ళ మీద కన్నా, ఆ వలయానికి లేని విలువ కట్టిన మా శాస్త్రశాఖ మీదే ఎక్కువ. మొక్కల కణకవచాన్ని ఛేదించే ఎంజైముల మీద పనిచేసేవాళ్ళం సులువైన పదార్థం మీద కొలత తీసి, ఆ కొలతతో కష్టమైన పదార్థం గురించి మాట్లాడుతున్నాం. గడ్డి గురించి ఏదైనా చెప్పదలిస్తే గడ్డి మీదే కొలిచి చెప్పాలన్నది నా వాదన. వినడానికి ఇది ఎవరూ కాదనని మాటలాగే ఉంటుంది. అయినా నా బల్ల మీదకు వచ్చే ప్రాజెక్టు నివేదికల్లో దాన్ని పాటించినవి చాలా తక్కువ.

వలయం చెప్పేది ఎంత?

మొక్కల కణకవచానికి ముఖ్యమైన పదార్థం సెల్యులోజు, అది నీటిలో కరగదు. దాని గొలుసులు ఒకదాని పక్కన ఒకటి బిగుసుకుని, మధ్యలోకి నీటి అణువు కూడా దూరలేనంత క్రమంగా పేరుకుని ఉంటాయి. ఆ గొలుసులకు కార్బాక్సీమిథైల్ సమూహాలను తగిలిస్తే అవి విడివడి, నీళ్ళలో కరిగే జిగురుగా మారతాయి. అదే కార్బాక్సీమిథైల్ సెల్యులోజు, క్లుప్తంగా సీఎంసీ. ఐస్‌క్రీముకు చిక్కదనం తెచ్చేదీ, కళ్ళు పొడిబారినప్పుడు వేసుకునే చుక్కల మందులో ఉండేదీ అదే. దాన్ని అగర్‌తో కలిపి పళ్లెంలో పోసి, సూక్ష్మజీవిని పెంచి, కాంగో రెడ్ రంగు పోసి పావుగంట ఉంచి, ఉప్పునీళ్ళతో కడిగితే గొలుసులు పొడుగ్గా నిలిచిన చోట ఎరుపు అంటుకుని ఉంటుంది. ముక్కలైన చోట రంగు కొట్టుకుపోతుంది. 1982లో టీథర్, వుడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆవు మొదటి పొట్టలో ఉండే బాక్టీరియాను లెక్కించడానికి ఈ పద్ధతిని ప్రచురించారు. వేల కాలనీల్లో దేన్ని పక్కకు తీసి చూడాలో తేల్చుకోవడానికి ఇంతకన్నా చవకైన, తేలికైన ఉపాయం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

చిక్కల్లా ఆ తర్వాతి అడుగులో ఉంది. వలయం వచ్చిందంటే ఆ సూక్ష్మజీవి ఎండోగ్లూకనేజు అనే ఎంజైమును బయటికి వదులుతున్నదని అర్థం. ఆ ఎంజైము విడివిడిగా, ఒదులుగా ఉన్న గొలుసును మధ్యలో ఎక్కడో ఒకచోట తెంచుతుంది. ఇందులో బిగుసుకున్న సెల్యులోజు లేదు, దాన్ని చుట్టుకుని ఉండే హెమీసెల్యులోజు లేదు, ఆ రెంటినీ కలిపి అతుకు పెట్టే లిగ్నిన్ లేదు. వరిగడ్డిలో వీటికి తోడు సిలికా కూడా ఉంటుంది. గడ్డిని కాల్చి బూడిద తూస్తే ఎండు బరువులో పది శాతం దాటుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికాయే. ఇటుక గోడను కూల్చగలడో లేదో తేల్చడానికి మనిషికి తడి ఇసుక కుప్ప చూపించి తవ్వమన్నట్టుంది ఈ పరీక్ష.

రెండేళ్ళ కిందట మా ప్రయోగశాలలో జరిగిన చిన్న సంగతి చెబుతాను. ఒక విద్యార్థిని పేడకుప్ప కింది మట్టి నుంచి బాక్టీరియా రకమైన ఒక బాసిల్లస్‌ను వేరుచేసింది. పళ్లెంలో అది వేసిన వలయం రూపాయి బిళ్ళ కన్నా పెద్దది. అదే మట్టిలో దొరికిన ఒక శిలీంధ్రానికి మాత్రం కాలనీ అంచున సన్నటి గీత తప్ప ఏమీ రాలేదు. నివేదికలో బాసిల్లస్‌ను "శక్తిమంతమైన సెల్యులేజు ఉత్పాదకం" అని (సెల్యులేజు అంటే సెల్యులోజును ఛేదించే ఎంజైము) రాయబోతుంటే ఆపి, రెండింటినీ పాతకాలపు గొట్టం పరీక్షకు పెట్టమన్నాను. గాజు గొట్టంలో లవణాల ద్రావణం పోసి, వడపోత కాగితపు పట్టీని సగం మునిగేట్టు నిలబెట్టడమే ఆ పరీక్ష. ఆ సూక్ష్మజీవికి కాగితం తప్ప వేరే తిండి ఉండదు. మూడో వారానికి శిలీంధ్రం ఉన్న గొట్టాన్ని వేలితో తట్టగానే కాగితం సరిగ్గా నీటి అంచు దగ్గర తెగి కింద పడింది. బాసిల్లస్ గొట్టంలో ద్రావణం కాస్త మసకబారిందే కానీ, పట్టీ మాత్రం పెట్టిన రోజు ఎంత గట్టిగా ఉందో అంతే గట్టిగా ఉంది. పట్టకారుతో లాగినా తెగలేదు. ఆ అమ్మాయి ముఖంలో నిరాశ కనిపించింది. నాకు మాత్రం ఆ ఏడాది వచ్చిన ప్రాజెక్టులన్నిటిలోకీ ఎక్కువ నేర్పింది ఆ గొట్టమే.

కుళ్ళిన గుడారం దగ్గర మొదలైన ప్రశ్న

నిజానికి ఈ తేడా కొత్తగా కనిపెట్టవలసినది కాదు. ఈ రంగం పుట్టిందే ఆ తేడాతో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైన్యం వాడిన నూలు గుడ్డలు, గుడారాలు, పటకాలు చూస్తుండగానే కుళ్ళిపోయేవి. వాటిని కాపాడే దారి వెతకడానికి కుళ్ళిన సామాను నుంచి శిలీంధ్రాలను సేకరించారు. సాలొమన్ దీవుల్లోని బూగెన్‌విల్‌లో ఒక నూలు గుడారపు గుడ్డ మీద దొరికిన శిలీంధ్రానికి క్యూఎం6ఎ అని సంఖ్య వేశారు. క్యూఎం అంటే క్వార్టర్‌మాస్టర్, అంటే సైన్యపు సరఫరా విభాగం. ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ ఏళ్ళ తరబడి దాని మీద పనిచేశారు. ఆ శిలీంధ్రానికి 1977లో రీస్ పేరిట ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. గుడ్డను కాపాడాలని మొదలైన పరిశోధన చివరికి గుడ్డను కరిగించే ఎంజైములను బారెళ్ళకొద్దీ తయారుచేసే పరిశ్రమకు మూలం కావడం ఈ కథలోని తమాషా.

రీస్, ఆయన సహచరులు 1950లోనే ఒక విషయం గమనించి ప్రచురించారు. కరిగే రూపంలోకి మార్చిన సెల్యులోజును తెంచే సూక్ష్మజీవులు లెక్కలేనన్ని దొరుకుతాయి; కానీ దూది వంటి సహజ సెల్యులోజును తినగలిగేవి అందులో కొన్నే. అందువల్ల సహజ సెల్యులోజును ముందుగా వదులు చేసే అంశం ఒకటి ఉండాలని వాళ్ళు ఊహించి దానికి సీ-1 అని, వదులైన గొలుసులను తెంచే అంశానికి సీ-ఎక్స్ అని పేర్లు పెట్టారు. తర్వాతి పరిశోధన ఆ ఊహను చాలావరకు మార్చింది. గొలుసు కొసను పట్టుకుని, రెండేసి గ్లూకోజుల చొప్పున కత్తిరించుకుంటూ సాగిపోయే ఎంజైములు ఉన్నాయని, అసలు బరువు మోసేవి అవేనని తేలింది. అయినా వాళ్ళు చూసిన వాస్తవం మారలేదు. సీఎంసీ పళ్లెంలో కనిపించేది సీ-ఎక్స్ మాత్రమే. డెబ్బై ఏళ్ళ కిందట "ఇది సరిపోదు" అని రాసిపెట్టిన దాన్నే మనం ఇవాళ నిరూపణగా చూపిస్తున్నాం.

2008లో ట్రైకోడెర్మా రీసై జన్యుక్రమం పూర్తిగా బయటికి వచ్చినప్పుడు ఇంకో ఆశ్చర్యం ఎదురైంది. కణకవచాన్ని ఛేదించే శిలీంధ్రాల్లో అప్పటికి జన్యుక్రమం తెలిసిన వాటన్నిటికన్నా దీనిలోనే సెల్యులేజు, హెమీసెల్యులేజు జన్యువులు తక్కువ. దాని బలం జన్యువుల సంఖ్యలో లేదు, ఉన్న కొద్దిపాటి ఎంజైములను అది కుమ్మరించే మోతాదులో ఉంది. పరిశ్రమలో పెంచే మార్పుచెందిన రకాలు లీటరుకు 100 గ్రాములకు మించి ప్రోటీనును బయటికి వదులుతాయి. మన ప్రాజెక్టు నివేదికల్లో "కొత్త జన్యువు దొరికింది" అనే మాట చదివినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

తప్పు పదార్థం మీద కొలిస్తే కనబడనిది

సులువైన పదార్థం మీద కొలవడం వల్ల లేని శక్తిని ఉన్నట్టు అనుకోవడం ఒక నష్టం. ఉన్న శక్తిని చూడలేకపోవడం అంతకన్నా పెద్ద నష్టం. ఇందుకు ఈ రంగంలోనే ఒక గట్టి ఉదాహరణ ఉంది.

శిలీంధ్రాల్లో జీహెచ్61 అనే ప్రోటీన్ల కుటుంబం ఒకటి ఉండేది. వాటిలో కొన్ని అలవాటైన పరీక్షల్లో చాలా బలహీనంగా పనిచేసినట్టు కనిపించడంతో వాటిని కూడా ఎండోగ్లూకనేజులని అనుకుని జలవిశ్లేషక ఎంజైముల (నీటి సాయంతో తెంచేవాటి) జాబితాలో చేర్చారు. 2010లో నోవోజైమ్స్ అనే ఎంజైముల కంపెనీ శాస్త్రవేత్తలు ముందస్తు శుద్ధి చేసిన మొక్కజొన్న చొప్పకు మామూలు సెల్యులేజులతో పాటు ఈ ప్రోటీన్లను కూడా కలిపి చూశారు. విడిగా దాదాపు ఏ పనీ చేయని ఆ ప్రోటీన్లు చొప్పను కరిగించడానికి కావలసిన ఎంజైము మోతాదును బాగా తగ్గించాయి. శుద్ధమైన సెల్యులోజు మీద మాత్రం ఆ సాయం కనిపించలేదు. అదే ఏడాది నార్వేలోని జీవశాస్త్రాల విశ్వవిద్యాలయంలో వాజే-కోల్‌స్టాడ్, ఐసింక్ బృందం సెర్రేషియా అనే బాక్టీరియా ప్రోటీను ఒకటి కైటిన్ (రొయ్యల, పురుగుల పెంకుల్లో ఉండే పదార్థం) స్ఫటికాన్ని నీటితో కాక ఆక్సీకరణతో తెంచుతున్నదని చూపించింది. మరుసటి ఏడాదికి జీహెచ్61 ప్రోటీన్లు కూడా రాగి అయాను సాయంతో అదే పని చేస్తాయని తేలింది. వీటినిప్పుడు ఎల్పీఎంఓలు (లైటిక్ పాలీశాకరైడ్ మోనోఆక్సిజనేజులు) అంటున్నాం, కుటుంబం పేరు కూడా మారి ఏఏ9 అయింది. వాటికి ఎలక్ట్రాన్లు అందించే పదార్థం ఏదో ఒకటి దగ్గరలో ఉండాలి. చొప్పలో లిగ్నిన్ ఆ పని చేయగలదు. శుద్ధమైన సెల్యులోజులో ఆ పని చేసేదే లేదు. అసలైన చొప్పతో పనిచేసినవాళ్ళకు కనిపించినది, శుభ్రమైన పదార్థంతో పనిచేసినవాళ్ళకు ఏళ్ళ తరబడి కనిపించకపోవడానికి కారణం అదే.

సీఎంసీ కన్నా మెరుగైన కొలత లేకపోలేదు. ఢిల్లీ ఐఐటీలో పనిచేసిన తరుణ్ ఘోష్ 1987లో అంతర్జాతీయ ప్రమాణంగా రాసి ఇచ్చిన వడపోత కాగితపు పరీక్షను ప్రపంచమంతా వాడుతుంది. 50 మిల్లీగ్రాముల వాట్‌మన్ నంబర్ 1 కాగితాన్ని ఎంజైముతో కలిపి 50 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, రెండు మిల్లీగ్రాముల గ్లూకోజు విడుదల కావడానికి ఎంత పలచన ఎంజైము సరిపోయిందో లెక్కిస్తారు. డీఎన్‌ఎస్ అనే, చక్కెర తగిలితే రంగు మారే రసాయనం పోసి మరిగించినప్పుడు పసుపు నుంచి ఇటుక ఎరుపుకు మారే రంగే మన కొలబద్ద. ఆ రెండు మిల్లీగ్రాములే ఎందుకన్నదాన్ని విద్యార్థులు సాధారణంగా అడగరు. కాగితంలో దాదాపు నాలుగు శాతం కరిగే దాకా నడిచిన వేగం, ఆ తర్వాత అలాగే నడవదు. ఎంజైమును రెట్టింపు చేస్తే చక్కెర రెట్టింపు కాదు. అందుకే ఒక స్థిరమైన గురుతు దగ్గర ఆగి కొలవాలని ఘోష్ పట్టుబట్టారు. గడ్డి మొత్తం కరగాలంటే ఆ మొదటి నాలుగు శాతం దాటిన తర్వాతి కథే ముఖ్యం. సులువైన భాగం ముందే కరిగిపోతుంది, విడుదలైన సెల్లోబయోజు (రెండు గ్లూకోజుల ముక్క) ఎంజైముకే అడ్డుతగులుతుంది, కొంత ఎంజైము లిగ్నిన్‌కు అతుక్కుని పనికిరాకుండా పోతుంది. టోక్యో విశ్వవిద్యాలయపు ఇగరాషి బృందం 2011లో అత్యంత వేగంగా చిత్రాలు తీసే సూక్ష్మదర్శినితో ఈ ఎంజైము అణువులను సెల్యులోజు మీద కదులుతుండగా చూసింది. అవి సెకనుకు కొన్ని నానోమీటర్ల చొప్పున జరుగుతూ, ముందున్న అణువు ఆగిపోతే దాని వెనుక వరుసకట్టి నిలిచిపోయాయి. ప్రకృతిలోని ఉత్తమ సెల్యులేజుల వేగమే అంత. కరపత్రంలోని వారం రోజుల హామీని ఆ వేగంతో పోల్చి చూడాలి.

గేదెకు సాధ్యమైనది, మడికి సాధ్యం కానిది

"మరి గేదె రెండు మూడు రోజుల్లో అరిగించుకోవడం లేదా?" అన్నది ఈ మాట చెప్పినప్పుడల్లా వచ్చే ఎదురుప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. గేదె మొదటి పొట్టలో ఎప్పుడూ 39 డిగ్రీల వెచ్చదనం ఉంటుంది, తడి ఎన్నడూ ఆరదు, లాలాజలం ఆమ్లాన్ని సరిచేస్తూ ఉంటుంది. గడ్డి గంటల తరబడి నెమరులో నలిగి నూరుకుపోతుంది. ఫైబ్రోబాక్టర్, రూమినోకాకస్ వంటి బాక్టీరియా, ఆక్సిజన్ లేకుండా బతికే శిలీంధ్రాలు గడ్డి కణాలకు నేరుగా అతుక్కుని పనిచేస్తాయి. తయారైన ఆమ్లాలను గేదె ఎప్పటికప్పుడు పీల్చుకుంటుంది. ఇన్ని సదుపాయాల మధ్య కూడా వరిగడ్డిలో జీర్ణమయ్యేది సుమారు సగమే. మిగిలింది పేడలో నారగా కనిపిస్తూనే ఉంటుంది. పాడి రైతులు నాలుగు శాతం యూరియా నీళ్ళు చల్లి గడ్డిని మూసి మాగబెట్టే పద్ధతి కూడా అందుకే పుట్టింది. అది నత్రజని చేరుస్తుంది, విడుదలయ్యే అమ్మోనియా కవచంలోని బంధాలను కాస్త సడలిస్తుంది.

మడిలో పరిస్థితి వేరు. హార్వెస్టర్ వెళ్ళిన తర్వాత జానెడెత్తు కొయ్యకాళ్ళు, వరుసలు కట్టిన పొడుగాటి గడ్డి ఎండలో పడి ఉంటాయి. తడి లేనిచోట ఏ ఎంజైమూ పనిచేయదు. వానాకాలం పంట కోసి యాసంగి నాట్లకు సిద్ధమయ్యే రోజుల్లో తెలంగాణలో రాత్రుళ్ళు చల్లబడతాయి. వరిగడ్డిలో కర్బనంతో పోలిస్తే నత్రజని చాలా తక్కువ. సూక్ష్మజీవి తన ఒళ్ళు పెంచుకోవడానికి కావలసిన నత్రజనిని మట్టి నుంచే లాక్కుంటుంది. గడ్డి దున్నిన వెంటనే నాటిన మళ్ళలో పైరు పసుపు రంగుకు తిరగడానికి అదొక కారణం. నీళ్ళు నిలబెట్టి దమ్ము చేస్తే తడి సమస్య తీరుతుంది కానీ ఆక్సిజన్ పోతుంది. సీసాలోని ట్రైకోడెర్మాకు ఆక్సిజన్ కావాలి, ఎల్పీఎంఓలకు ఆక్సిజనో హైడ్రోజన్ పెరాక్సైడో కావాలి. బురదలో పని అందుకునేది అక్కడే ఉన్న వాయురహిత బాక్టీరియా. వాటి చివరి ఉత్పత్తుల్లో మీథేన్ ఒకటి. మన వ్యవసాయాధికారులు చాలాకాలంగా చెబుతున్న సలహా, అంటే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, రోటవేటర్‌తో గడ్డిని ముక్కలు చేసి, తడి ఇచ్చి కొన్ని వారాలు వదిలేయమనడం, ఎంజైము పేరెత్తకపోయినా ఎంజైముకు కావలసినవన్నీ సమకూర్చేదే.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా డీకంపోజరును 2020లో ఢిల్లీ ప్రభుత్వం పొలాల్లో చల్లించినప్పుడు వినిపించిన గడువు దాదాపు మూడు వారాలు. అది కూడా చల్లిన తర్వాత గడ్డిని మట్టిలో కలిపి, తడి నిలిపితేనే. ఆ షరతులు సలహా పత్రంలో ఉన్నాయి. ప్రచారంలో మాత్రం సీసా ఒక్కటే మిగిలింది. వరి కోతకూ గోధుమ విత్తుకూ మధ్య అంతకు మించి వ్యవధి లేని పంజాబ్ రైతు అగ్గిపుల్ల వైపు చూస్తే నేను ఆశ్చర్యపోను.

కూల్చడం వేరు, విడదీయడం వేరు

ఇదంతా చదివి ఎంజైముల వల్ల ప్రయోజనమే లేదని నేనంటున్నట్టు అనిపిస్తే అది నా ఉద్దేశం కాదు. కణకవచాన్ని కొద్దిగా సడలించవలసిన చోట ఇవి గొప్పగా నెగ్గాయి. జీన్స్ బట్టకు పాత రంగు తెచ్చే పనిలో రాళ్ళకు బదులు సెల్యులేజు వచ్చింది. పండ్ల రసాన్ని తేటపరచడానికి పెక్టినేజు, కాగితపు గుజ్జును తెల్లబరిచేటప్పుడు క్లోరిన్ వాడకాన్ని తగ్గించడానికి జైలనేజు వాడుతున్నారు. మన కోళ్ళ దాణాలో తవుడు చెక్క కలిపినప్పుడు ఎన్ఎస్పీ ఎంజైముల (పిండిపదార్థం కాని పాలీశాకరైడ్లను తెంచేవాటి) పొట్లం కూడా వేయడం కోళ్ళ రైతులకు తెలిసిన సంగతే. ఈ పనులన్నిటిలోనూ కవచం పైపై పొరో, ఒక అతుకో తెగితే చాలు. వీటిలో కొన్నింటికి సీఎంసీ వలయం నిజంగానే పనికొచ్చే సూచిక. జీన్స్ కోసం ఎండోగ్లూకనేజు వెతికేవాళ్ళతో నాకు పేచీ లేదు.

గడ్డినంతా చక్కెరగా మార్చి ఇంధనం తీయాలన్న చోట మాత్రం చరిత్ర ఇంకోలా ఉంది. అయోవాలో డ్యూపాంట్ 2015లో ఘనంగా తెరిచిన మొక్కజొన్న చొప్ప కర్మాగారం రెండేళ్ళకే అమ్మకానికి వచ్చింది. రుమేనియాలోని పొదారిలో గోధుమ గడ్డి మీద క్లారియంట్ కట్టిన కర్మాగారం 2023 చివరికి మూతపడింది. ఇటువంటి చోట్ల దెబ్బకొట్టింది ఎంజైము ఒక్కటే కాదు. పొలం నుంచి మట్టితో, రాళ్ళతో వచ్చే కట్టలు, వాటిని యంత్రాల్లోకి నడిపించడం, పెట్రోలు ధర, ఇవన్నీ కలిశాయి. మన దగ్గర పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కర్మాగారాన్ని 2022 ఆగస్టులో ప్రారంభించినప్పుడు ఏటా రెండు లక్షల టన్నుల వరిగడ్డి నుంచి మూడు కోట్ల లీటర్ల ఇథనాల్ తీయడం లక్ష్యమన్నారు. ఏ దేశంలోనైనా అలాంటి చోట ఎంజైము పోయడానికి ముందు గడ్డిని ఆవిరితోనో ఆమ్లంతోనో మెత్తబరుస్తారు. పొలంలో ఆ వంట ఎవరు చేస్తారు?

కొలత సరిగ్గా ఉన్నచోట ఎలా ఉంటుందో చూడాలంటే శ్రీకాకుళం వైపు నార తీయడానికి గోగు ఊరవేసే చెరువుల దగ్గరకు వెళ్ళాలి. ఆమదాలవలస పరిసరాల్లో ఒకసారి చూశాను. నడుంలోతు నీళ్ళలో నిలబడ్డ పెద్దాయన మునిగి ఉన్న కట్ట లోంచి ఒక కర్ర లాగి, మొదలు దగ్గర విరిచి, బెరడును బొటనవేలితో కిందికి తోశాడు. సగందాకా జారి ఆగింది. "ఇంకో రెండ్రోజులు ఉండాలండి మేష్టారూ, ఇప్పుడు తీస్తే బెరడు వదల్దు, నాల్రోజులు ఉంచితే నార చచ్చిపోద్ది," అని కర్రను మళ్ళీ నీళ్ళలోకి తోసేశాడు. ఆయన కొలుస్తున్నది పెక్టిన్, హెమీసెల్యులోజు ఎంత కరిగిందన్నదాన్ని, సెల్యులోజు ఎంత చెక్కుచెదరకుండా ఉందన్నదాన్ని, రెంటినీ ఒకేసారి, అసలు పదార్థం మీద. బారక్‌పూర్‌లోని జనపనార పరిశోధన సంస్థ ఊరవేతకు తయారుచేసిన మిశ్రమంలోని బాసిల్లస్ పుమిలస్ రకాలను ఎంచుకున్నప్పుడు కూడా పెక్టినేజు, జైలనేజు ఉండాలి, సెల్యులేజు ఉండకూడదు అని చూశారు. అది ఊరవేత కాలాన్ని దాదాపు వారం తగ్గించిందంటే నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే వాళ్ళు చూసింది నార బలాన్ని, పళ్లెంలో రంగును కాదు.

"మా దగ్గర పరికరాలు లేవు"

నా తోటి అధ్యాపకులు చెప్పే అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. జిల్లా కేంద్రంలోని డిగ్రీ కళాశాలలో గడ్డి నుంచి ఏయే చక్కెరలు వచ్చాయో విడదీసి చూపే యంత్రాలు ఉండవు. పీజీ విద్యార్థికి ప్రాజెక్టు కోసం దొరికేది మూడు నెలలు, అందులో ఒక నెల రసాయనాలు రావడానికే పోతుంది. మూడు రోజుల్లో వలయం వస్తే ఫొటో ఉంటుంది, వ్యాసం ఉంటుంది. గడ్డి మీద చూస్తే మూడు నెలల చివర "పెద్దగా తేడా లేదు" అని రాయవలసి రావచ్చు, అలాంటి వ్యాసాన్ని ఎవరు వేసుకుంటారు? ఇందులో నిజముంది. ఉన్నత విద్యలో అచ్చైన వ్యాసాల సంఖ్యను బట్టి మనిషిని తూచినంత కాలం సులువైన కొలతే గెలుస్తుంది. ఆ సంగతిని మార్చడం నా చేతిలో లేదు.

కానీ పరికరాల మాట పూర్తిగా నిజం కాదు. 2011లో ఆవు మొదటి పొట్టలోని సూక్ష్మజీవుల డీఎన్‌ఏ నుంచి 27,755 జన్యువులను ఏరిన అమెరికా బృందం కోట్ల ఖరీదు యంత్రాలు వాడింది నిజమే. అయితే ఆ పని మొదలైంది నైలాన్ సంచితో. స్విచ్‌గ్రాస్ అనే గడ్డిని నైలాన్ సంచుల్లో పోసి, పొట్టకు రంధ్రం అమర్చిన ఆవు లోపల 72 గంటలు ఉంచి, ఆ గడ్డికి అతుక్కున్న సూక్ష్మజీవులనే తీశారు. పశుపోషణ విభాగాలు దాణా నాణ్యత చూడటానికి దశాబ్దాలుగా వాడుతున్న సంచి అదే. దాన్ని మడిలో పాతిపెట్టడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. ఎండబెట్టి తూచిన పది గ్రాముల గడ్డి, కుట్టిన నైలాన్ వల, ఒక పొయ్యి, ఒక కొలిమి, ఒక తక్కెడ ఉంటే ఏ కళాశాలకైనా చాలు.

సీసా అమ్మేవాళ్ళను కూడా నేను అడిగేది ఇంతే. పదిహేను రోజులకు, నెలకు, నెలన్నరకు సంచులు తీసి, కడిగి, ఆరబెట్టి, ఎంత బరువు తగ్గిందో కరపత్రం మీద వేయండి. పక్కనే నాలుగు పోలికలు ఉండాలి. ద్రావణం చల్లనిది ఒకటి. అదే ద్రావణాన్ని మరిగించి చంపి చల్లినది ఒకటి. ఉట్టి బెల్లం నీళ్ళు చల్లినది ఒకటి, ఎందుకంటే ఇలాంటి ద్రావణాలను పెంచడానికి వాడే బెల్లమే మట్టిలో ఉన్న సూక్ష్మజీవులకు పండగ, ఆ ఘనతంతా సీసాకు పోతుంది. ద్రావణం లేకుండా సూపర్ ఫాస్ఫేట్, తడి మాత్రం ఇచ్చినది ఒకటి. సీసా ఈ నాలుగో దాన్ని గెలిస్తే నేనే పదిమందికి చెబుతాను. గెలుస్తుందని ఆశ లేకపోలేదు కూడా. నత్రజని, తడి సరిపోయిన మడిలో సరైన శిలీంధ్రం కొన్ని రోజులు కలిసొచ్చేలా చేయడం అసాధ్యమేమీ కాదు. నాలుగైదు రోజులు కలిసొచ్చినా యాసంగి రైతుకు అది చిన్న విషయం కాదు.

సంచి పరీక్షలో ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మడిలో పాతిన గడ్డికి బంకమట్టి పట్టుకుంటుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు, దాంతో కరిగిన గడ్డి కూడా కరగనట్టు తూగుతుంది. అందుకని తూచిన తర్వాత కొంత నమూనాను 550 డిగ్రీల కొలిమిలో కాల్చి బూడిద బరువును తీసేయాలి. గడ్డిలో సహజంగా ఉన్న సిలికా ఎంతో తెలియడానికి పాతకముందు గడ్డిని కూడా అలాగే కాల్చి రాసిపెట్టుకోవాలి.